పదకొండు నిమిషాల బారిస్

దోహాలో చమురు డబ్బు భవనాలుగా లేస్తున్న ఆ సంవత్సరాల్లో నేను పీడన మాపకాలను సరిచూసే ఇంజనీరుని. మా కంపెనీలో బాలి ద్వీపం నుంచి వచ్చిన వెల్డర్ ఒకతను వార్షికోత్సవంలో బారిస్ ఆడతానన్నాడు. అది వాళ్ళ ఊళ్ళో ఒంటరిగా ఆడే యోధుడి నాట్యం. వేసవికి అతని కాంట్రాక్టు ముగుస్తుంది. ఖతార్‌లో ఆడటానికి ఇంకో అవకాశం లేదు. సంక్షేమాధికారి ఒప్పుకున్నాడు గాని, వాద్యం క్యాసెట్టులోనే రావాలని, నాలుగు నిమిషాలు దాటకూడదని షరతు పెట్టాడు.

"క్యాసెట్ నన్ను చూడదు కదా సార్," అన్నాడు వెల్డర్, మేమిద్దరం సైట్లో నేర్చుకున్న హిందీలో. "నేను భుజం లేపితే మద్దెల ఆగాలి. క్యాసెట్టయితే దాని వెనక నేను పరుగెత్తాలి. అది బారిస్ కాదు, డ్రిల్లు."

చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. నేను వాయిస్తానన్నాను.

అల్ దోహా అల్ జదీదాలో నా గది పైన, మేడమీద, శుక్రవారాలు సాధన. మొదటి వారం ఘోరంగా తప్పాను. అతని విరామాల మధ్య దెబ్బలు లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని, ఆ లెక్క ప్రకారం వాయించాను. అతను ఇంకా ఒంటికాలి మీద ఉండగానే నా మృదంగం ముందుకు వెళ్ళిపోయింది.

"కాగితం చించెయ్యండి సార్. నా భుజాలు చూడండి."

పక్క గదిలో ఉండే కరీంనగర్ ఎలక్ట్రీషియన్ పడీపడీ నవ్వాడు. "ఏం సారూ, మీటర్లు సూసెటోనికి మనిషిని సూసుడు రాదా?"

చించేశాను.

ఉత్సవం రోజున క్యాసెట్టును అధికారి చేతిలోనే వదిలేసి, మృదంగంతో వేదికెక్కాను. నాలుగో నిమిషంలో అధికారి ఆపమని చెయ్యి ఊపాడు. ఆరో నిమిషంలో నా వెనక్కి వచ్చి, "ఖలాస్! యల్లా, దిగు!" అని, ఇక చాలించమని అరబ్బీ కలిపి గద్దించాడు. ఆ క్షణాన వెల్డర్ కళ్ళు విప్పార్చి, భుజాలను చెవులదాకా లాగి, కదలకుండా నిలిచి ఉన్నాడు. నా చేతులు మృదంగం చర్మానికి అంగుళం పైన ఆగి ఉన్నాయి. తల తిప్పితే దెబ్బ తప్పుతుంది. తిప్పలేదు. భుజాలు దిగాయి; చేతులు పడ్డాయి. నాట్యం పదకొండు నిమిషాలకు, అతను ముగించినప్పుడే ముగిసింది.

మూడోనాడు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. "ఆపమన్న సంజ్ఞ చూశాను, మాటా విన్నాను. నాట్యాన్ని ఆపే హక్కు నర్తకుడిది. వాద్యకారుడికే లేనిది సంక్షేమ విభాగానికి ఎక్కడిది?" అని జవాబు రాశాను. వెల్డర్ దాన్ని చదివించుకుని విన్నాడు. ఎవరూ అడగకపోయినా, నా సంతకం పక్కన తనదీ పెట్టాడు.