రేసు ఆటలో కూసునే జాగ

మా పెద్దబాపు పెంటప్ప చేతికి ఏ వీడియో గేమ్ ఇచ్చినా ముందు అందులో కూర్చునే చోటు వెతుకుతాడు. శత్రువులు, బంగారం, గెలుపు ఆయనకు ఉత్త దండగ.

ఒకసారి తుపాకుల ఆట ఇచ్చాను. నాలుగు దిక్కులా కాల్పులు. పెద్దబాపు సిపాయి మాత్రం గోడల వెంబడి తిరుగుతున్నాడు.

"కాల్చు పెద్దబాపూ! చంపుతరు నిన్ను!"

"చంపనీ తియ్. ఇంత పెద్ద బంగ్లా కట్టిండ్రు, ఒక్క అరుగన్న లేదేందిరా అమోల్? కూసునే జాగ ఏదీ?"

అంతలో సిపాయి చచ్చాడు. "సూసినవా, నిలవడి నిలవడి పాణం పోయింది" అన్నాడు.

నేను హోట్గి రోడ్డులో ఒక చిన్న కంపెనీలో ఆటలు తయారుచేస్తాను. మా కార్ల రేసు చూపిస్తే, జెండా ఊపగానే కారు పక్కకు ఆపేశాడు.

"దిగుడెట్ల?"

"దిగుడు లేదు. ఉరుకుడే."

"అరె బాప్‌రే! ఎక్కినోడు దిగొద్దా? గింత సదువు సదివి జైలు చేసినవేందిరా!"

నవ్వాను కానీ, అప్పుడు మా ఇంట్లో ఉన్న నవ్వు అదొక్కటే. భవాని పేట్‌లో పెద్దబాపు పనిచేసిన మరమగ్గాల కార్ఖానా మూతపడింది. మగ్గాలను తునకలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారు. మగ్గాల మోత ఆగిపోయి మిట్టమధ్యాహ్నం మా గల్లీలో గోడగడియారం వినిపించేది. అంతకంటే దరిద్రం మా గల్లీ ఎన్నడూ చూడలేదు.

పక్క మగ్గం రాములుది. ఆ మోతలో మాట వినపడదు కనుక జీవితమంతా ఇద్దరూ సైగలతోనే తిట్టుకున్నారు. చాయ్ వేళ అయితే రాములు బల్బు రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు. ఆ రాములుకు పక్షవాతం వచ్చి మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. కుంభారిలో కూతురు శీతల్ దగ్గర ఉంటున్నాడు. ఆ ముఖం ఎవరికీ చూపించడు. పెద్దబాపు ఎప్పుడు వెళ్లినా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఏమీ జరగనట్టు తిరిగొచ్చి, "నీ ఫోన్ ఇటియ్" అనేవాడు పెద్దబాపు.

ఇంతలో గాలి మారింది. గెలుపూ ఓటమీ లేకుండా ఇష్టమొచ్చింది కట్టుకునే శాండ్‌బాక్స్ ఆటలకు జనం ఎగబడుతున్నారని, తుపాకుల ఆటల వాళ్లూ రేసుల వాళ్లూ తమ ఆటల్లోనూ ఒక మూల ఖాళీ జాగా వదలడం మొదలుపెట్టారు. మా కంపెనీ నమ్రత మేడం కూడా "మనమూ వదులుదాం అమోల్" అంది. రేసు దారి పక్కన ఖాళీ స్థలం పెట్టి, కారు దిగి ఏదైనా కట్టుకునే వీలు కల్పించాను.

అందులో మొదట దిగింది పెద్దబాపే. రేకుల షెడ్డు కట్టాడు. రెండు మగ్గాలు, మధ్యన ఒక అరుగు. పక్కనుంచి ఎవరెవరో తమ ఫోన్లలో నడిపే కార్లు రయ్యిమని పోతుంటే అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు.

"ఎవరొస్తరు పెద్దబాపూ ఇక్కడికి?"

"ఒచ్చెటోడు ఒస్తడు. ఆటల మూతి వంకరుండదు గదరా."

అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ ఆ జాగా ఎవరికోసం వెతుకుతున్నాడో. శీతల్ చేత రాములు ఫోన్‌లో మా ఆట పెట్టించాడు. ఎడమ బొటనవేలు చాలు కదా!

కొన్నాళ్లు ఎవరూ రాలేదు. తర్వాత ఒక ఎర్ర కారు రోజూ సాయంత్రం వచ్చి షెడ్డు ముందు ఆగేది. అందులోంచి ఎవరూ దిగేవారు కాదు. పెద్దబాపు కదలకుండా కూర్చునేవాడు.

ఒక సాయంత్రం ఆ కారు లైట్లు ఆరి వెలిగాయి. మళ్లీ ఆరి వెలిగాయి.

పెద్దబాపు ఫోన్ నా ఒళ్లో పడేసి లేచాడు. "చాయ్ పొయ్యిరా థర్మాస్‌ల! కుంభారి బస్సు పోతది!"

రాత్రి శీతల్ ఫోన్ చేసింది. పెద్దబాపు గడపలో నిలబడగానే వాళ్ల నాన్న గోడ వైపు తిరగలేదట. మంచం మీద కొంచెం జరిగి, ఎడమచేత్తో పక్కన తట్టాడట, కూర్చోమని.

"ఇద్దరూ మంచిగున్నరా?" అని అడిగాను.

"ఏం మంచిగ? చాయ్‌ల చక్కెర తక్కువైందని మా బాపు ఒంటిచేత్తో తిడుతుండు. మీ పెద్దబాపు రెండు చేతులతోటి తిడుతుండు" అంది శీతల్.