ఫెదర్‌లైట్ కాలు

మా ఆయన కాళ్లు చేస్తారు. నవ్వకండి, కృత్రిమ కాళ్లు. ముప్పై ఏళ్లుగా ఊరందరి కాళ్లూ పట్టుకున్న మనిషే గానీ, ఇంట్లో ఒకరి మాట విన్న పాపాన పోలేదు. ఆయన పక్కన కూర్చుని ఆ కాళ్లకు పట్టీలు కుట్టేదాన్ని నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఒకసారి కొత్తరకం సామాను వచ్చింది. పెట్టె మీద ఇంగ్లీషులో ‘ఫెదర్‌లైట్’ అని ఉంది. అంటే పక్షి ఈకంత తేలికైనది అని ఆయనే చెప్పారు. ఆ మాట నోటికి అంటుకుపోయింది. గొడుగు ఫెదర్‌లైట్, దిండు ఫెదర్‌లైట్, కోపమొస్తే నా బుర్రా ఫెదర్‌లైటే.

ఆ రకంలో మొదటి కాలు వాళ్లక్కకు చేశారు. తల్లి పోయాక ఆయనను పెంచింది ఆవిడే. మా పైగదిలో ఉండేది. చక్కెర జబ్బు ముదిరి మోకాలి కిందికి కాలు తీసేశారు. మళ్లీ మెట్లు దిగి, వీధి చివరి తన గుండీల కొట్టు తెరవాలని ఆవిడకు ఒకటే ఆరాటం.

తెరిచింది కూడా. ఆరు నెలలు పోయాక కాలు బరువెక్కిందని మొదలుపెట్టింది. ఈయన దాన్ని విప్పించి, కాటాలో పెట్టి ముల్లు చూపించారు. మొదటిరోజు ఎంతో అప్పుడూ అంతే.

“ఇంతకంటే తేలికది ఎక్కడా దొరకదక్కా. బరువంతా నీ మనసులోనే ఉంది” అన్నారు.

నేనేమన్నా తక్కువ తిన్నానా? అర్ధమొగుడు ఆడపడుచని ఊరికే అన్నారా, తమ్ముణ్ణి చుట్టూ తిప్పుకోవడానికి ఈ నాటకం అన్నాను. ఆవిడకు వినబడేలాగే అన్నాను.

వదిన మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొట్టు మూసేసింది. రెండేళ్లు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒకరోజు నిద్రలోనే పోయింది.

ఆ కాలు ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని ఈయన పనిగదికి తెచ్చి, కాలు దూర్చే గిన్నెలో చెయ్యి పెట్టారు. గుడ్డ పీలిక వచ్చింది. దాని వెనక ఇంకోటి. అలా పదకొండు. వదిన కాలు చిక్కిపోయి గిన్నె వదులైపోయిందన్న మాట. వదులైన కాలు ఎంత తేలికదైనా వేలాడుతూ అడుగడుక్కీ కిందికి లాగుతుంది. ఈ పనిలో ఇది మొదటి పాఠం. బయటివాళ్లు ఎవరొచ్చినా ఆయన ముందు వేలు పెట్టి చూసేది అదే. అక్క దగ్గర మాత్రం కాటా తీశారు.

“పక్షికి ఈక బరువు తెలియకపోవడం, అది ఒంటిని పట్టుకుని ఉండబట్టేనే” అని, పీలికలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు.

నేను వాటిని తీసి చూశాను. మా పాత దిండు గలీబువి. చర్మానికి ఒరుసుకోకుండా ప్రతిదాని అంచూ మడిచి సన్నగా కుట్టి ఉంది. కింద గదిలో రోజంతా పట్టీలు కుట్టేదాన్ని నేనుండగా, పైన ఆవిడ ఒక్కతే కూర్చుని కుట్టుకుంది. పట్టీ బిగించమని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నా నోట ఆ మాట విన్నాక ఎలా అడుగుతుంది?