కళ్ళు మూసుకుంటే తూలిన మనిషి

అది 1964. బాపట్ల నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో మా అన్నయ్య వాళ్ళింట్లో ఉంటూ, అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య ఒక సందులో ఉండే చిన్న దవాఖానలో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. పై అంతస్తంతా క్షయ రోగుల వార్డు. నా డ్యూటీ మగవాళ్ళ వైపు.

క్షయకు అప్పట్లో మా దగ్గర మూడు మందులుండేవి. ఐ.ఎన్.హెచ్. మాత్రలు, పి.ఎ.ఎస్. అనే కడుపులో తిప్పే మందు, రోజూ పిరుదుకు వేసే స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. రోగులకు మాత్రల మీద గురి ఉండేది కాదు. పి.ఎ.ఎస్.ను కిటికీలోంచి పారబోసే వాళ్ళు కూడా సూది కాస్త ఆలస్యమైతే, "సిస్టరమ్మా, నా సూది మర్చిపోయిన్రా?" అని వెతుక్కుంటూ వచ్చేవారు. మాకూ దాని మీద అంతే నమ్మకం. ఇక లేవరనుకున్న వాళ్ళు లేచి కూర్చోవడం కళ్ళారా చూశాం. అది చెవి లోపలి నరాన్ని దెబ్బతీస్తుందని చదువుకున్నాం కూడా. చదువుకున్నదాన్ని రోగిలో వెతకడం మాత్రం మాకు అలవాటు కాలేదు.

దేవదానం గారు ఆ వార్డుకు దగ్గుతూ వచ్చారు. నలభై దాటిన మనిషి. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. వృత్తి దుకాణాల బోర్డులు రాయడం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాసేవారు. అబిడ్స్‌లో నేను రోజూ చూసే బట్టల షాపు బోర్డు ఆయన నిచ్చెనెక్కి రాసిందేనని తెలిసి, ఆ సాయంత్రం ఆగి మరీ చూశాను. అక్షరాలు గీత గీసి నిలబెట్టినట్టున్నాయి.

సూది వేస్తుంటే రోజూ ఏదో ఒకటి మాట్లాడేవారు. ఒకరోజు తనంతట తానే చెప్పారు.

"సిస్టరమ్మా, నేను మస్తు తాగుతుంటి. కల్లు కాంపౌండుల పండితే మా ఆమె వచ్చి లేపుకపోయేది. మా బిడ్డ జరమొచ్చి సచ్చిపోయిన రాత్రి గూడ నేను ఇంట్ల లేను. అటెన్క గుడిల అందరి ముంగట నిలబడి ఒట్టు వెట్టిన. మళ్ల ముట్టలే."

వాళ్ళ గుడి అంటే చర్చి. అక్కడి పాస్టరును అయ్యగారంటారు. మారిన మనిషి ఎలా ఉంటాడో చెప్పాలంటే అయ్యగారు ఇప్పటికీ తన పేరే చెబుతారని ఆయన కాస్త గర్వంగా, ఎక్కువగా సిగ్గుపడుతూ అన్నారు.

మందు పనిచేసింది. దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, ముఖంలో కండ వచ్చింది. కానీ మనిషి మాట తగ్గించారు. వరండాలో అందరితో కూర్చునేవారు కాస్తా మంచం దిగడం మానేశారు. బాత్రూముకు వెళ్ళాలంటే వరండా ఖాళీ అయ్యేదాకా ఆగి, గోడ పట్టుకుని వెళ్ళేవారు. నీరసమేమో అనుకున్నాను. "ఎట్లా ఉంది?" అని అడిగితే "మంచిగనే ఉన్న" అనేవారు. రోగి బాగున్నానంటే మేం అక్కడితో వదిలేసి పక్క మంచానికి పోయేవాళ్ళం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్య సుగుణమ్మ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. వెంట అయ్యగారు, చర్చి వాళ్ళు కొందరు ప్రార్థన చేయడానికి వచ్చారు. అదే సమయానికి దేవదానం గారు బాత్రూము నుంచి తిరిగి వస్తున్నారు. గోడ వార్డు గుమ్మం దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి మంచం దాకా పట్టుకోవడానికేమీ ఉండదు. ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి రెండడుగులు వేసి, తూలి, ఎదురొస్తున్న అయ్యగారి భుజం మీద పడ్డారు.

సుగుణమ్మ క్యారియర్ కింద పెట్టి భర్త దగ్గరికి నడిచింది.

"నోరు తెరువు."

ఆయన తెరిచారు. అంతమంది ముందు ఆమె వాసన చూసింది.

"వాసన రాకుంట ఏం నమిలినవ్? సోంపా?"

"తాగలే సుగుణా."

"మరి గిదేంది?"

ఆయన తల దించుకున్నారు. ఆ తల దించుకోవడమే సాక్ష్యమైపోయింది. అయ్యగారు మంచి మనిషే, కోప్పడలేదు. అందరినీ మంచం చుట్టూ నిలబెట్టి, పడిపోయిన ఈ సహోదరుణ్ణి మళ్ళీ లేపమని ప్రభువును వేడుకున్నారు. చివర్లో అందరితో పాటు దేవదానం గారు కూడా "ఆమెన్" అన్నారు. ఆ మాట నాకు వినిపించింది.

వాళ్ళు వెళ్ళాక మా ఇన్‌చార్జ్ సిస్టర్ ఆయన అలమర వెతికించింది. ఒక బైబిలు, ఉతికిన చొక్కా, సగం తిన్న బిస్కెట్ పొట్లం, అంతే. ఏమీ దొరకకపోవడం ఆయనకు మేలు చేయలేదు. దాచడం తెలిసినవాడన్నారు. వార్డులో తాగితే డిశ్చార్జి, అది మా నియమం. డాక్టరుగారు రౌండ్సుకు రాగానే సంతకం పెట్టించాలని ఇన్‌చార్జ్ నిర్ణయించింది. కాదనడానికి నాకూ ఆయన మీద అంత నమ్మకం మిగల్లేదు.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి ఆయన వరండాలో కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నారు. ఒక చేత్తో గోడ పట్టుకుని నిలకడగానే ఉన్నారు. ముఖానికి సబ్బు రాసుకోవడానికి గోడ వదిలి, కళ్ళు మూసుకున్నారు. అంతే, నిచ్చెన జారినట్టు పక్కకు ఒరిగిపోయారు. పరుగెత్తి రెండు చేతులా పట్టుకున్నాను. దగ్గరగా వచ్చిన ఆ ముఖం నుంచి సబ్బు వాసన తప్ప ఏ వాసనా లేదు.

అక్కడే నేల మీద కూర్చోబెట్టాను.

"దేవదానం గారూ, ఇది ఎప్పటి నుంచి?"

"శానా దినాలాయె."

"మాకెందుకు చెప్పలేదు?"

ఆయన చేత్తో నురగ తుడుచుకున్నారు. "చెప్తె నమ్ముతరా సిస్టరమ్మా? తాగినోడు ఊగుతున్ననంటె ఎవరు నమ్ముతరు? తాగినప్పుడు గూడ నేల గింతగనం ఊగలే. నడుస్తుంటె గోడ మీది బోర్డు అక్షరాలు ఎగురుతున్నయ్. నేను చేసిన పాపం గిట్ల తిరిగొచ్చిందేమో అనుకున్న. గిది ఎవరికి చెప్పాలె?"

నేను ఇన్‌చార్జ్ కోసం ఆగకుండా డాక్టరుగారికి కబురు పంపాను. ఆయన వచ్చి, దేవదానం గారిని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమన్నారు. నిలబడ్డారు. కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్న మరుక్షణం డాక్టరుగారి చేతుల్లో పడ్డారు. మళ్ళీ చేయించారు, మళ్ళీ పడ్డారు. అప్పుడు డాక్టరుగారు మంచం మీద కూర్చుని మెల్లగా అడిగారు.

"చెవుల్లో హోరు ఉందా?"

"అప్పుడప్పుడు."

"ఇక్కడికి రాకముందు ఇట్లాంటి సూదులు ఎక్కడైనా వేయించుకున్నావా?"

"ఔ సార్. దగ్గుకని మా గల్లీ డాక్టరు దగ్గర శాన నెలలు ఏసుకున్న. గా సీసా మూత గూడ గిట్లనే ఉండె. నన్ను ఎవరడగలే సార్."

ఎవరూ అడగలేదన్నది నిజం. అడ్మిషన్‌లో డాక్టరుగారు అడగలేదు, రోజూ సూది వేసిన మేం అడగలేదు. ఆయన శరీరం అప్పటికే ఎంత మందు మోసిందో తెలియకుండా మేం దాని మీద ఇంకా పోస్తూ వచ్చాం. మనిషి నిలకడ చెవి లోపల ఉంటుంది. అక్కడ నరం దెబ్బతింటే కళ్ళతో చూసుకుంటూ ఎలాగో నిలబడతాడు. కళ్ళు మూస్తే, చీకటి పడితే, పడిపోతాడు. వారాల తరబడి ఆయన గోడ పట్టుకుని నడిచింది అందుకే.

అంతవరకూ "దేవదానం" అని పిలిచే డాక్టరుగారు లేచి నిలబడి, వార్డుకంతా వినబడేలా అన్నారు. "దేవదానం గారూ, మీరు తాగలేదు. మేమిచ్చిన మందు మీకు ఇట్లా చేసింది. ఇవాళ్టి నుంచి ఆ సూది వద్దు."

దేవదానం గారు చేతులు జోడించారు. కోప్పడి ఉంటే నాకు ఇంతకన్నా తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం సుగుణమ్మకు చెప్పే పని నా మీద పడింది. మెట్ల దగ్గరే ఆపి చెప్పాను. ఆమె క్యారియర్‌ను మెట్టు మీద పెట్టింది.

"నేను అందరి ముంగట వాసన చూసిన సిస్టర్."

"మీకు తెలియదు కదా అమ్మా."

"నాకు ఎర్కలే. ఆయనకు ఎర్కనే గద. అయినా నోరు తెర్వమంటె తెర్సిండు."

వచ్చే ఆదివారం గుడిలో లేచి నిలబడి సంగతంతా తానే చెబుతానని ఆమె లోపలికి వెళ్ళి భర్తతో అంది. ఆయన వద్దన్నారు. "గుడిల చెప్తవ్. బజార్ల నడుస్తుంటె చూసేటోళ్ళందరికి ఎట్ల చెప్తవ్? మెడల బోర్డు రాసుకోని తిరగాల్నా?" ఆమె మాత్రం ఆ ఆదివారం లేచి చెప్పింది. ఆ తర్వాత అయ్యగారు ఒంటరిగా వచ్చి ఆయన మంచం పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మాత్రలతోనే క్షయ తగ్గింది. నిలకడ మాత్రం సగమే తిరిగొచ్చింది. పగలు ఫర్వాలేదు, మసక పడితే తూలేవారు. ఆయన ఇక నిచ్చెన ఎక్కలేదు. బోర్డుల రేకులు ఇంటికి తెప్పించుకుని నేల మీద కూర్చుని రాసేవారు. ఒకసారి నాంపల్లి స్టేషను బయట పోలీసు తాగుబోతని పట్టుకుని నోరు వాసన చూశాడట. మళ్ళీ నోరు తెరిచానని, చూపించుకోవడానికి వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేకపోయాను.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం అబిడ్స్‌లో ఆ ఇద్దరూ కనిపించారు. ఆ వయసు మొగుడూ పెళ్ళాలు బజారులో పక్కపక్కన నడవడమే అరుదైన రోజులవి. సుగుణమ్మ భర్త చేతిలో చెయ్యి వేసి, గట్టిగా పట్టుకుని నడిపిస్తోంది. కాలేజీ కుర్రాళ్ళు చూసి నవ్వుకుంటున్నారు. "జనం చూస్తున్రు" అని ఆయన గొణిగారు. "చూడనియ్యి" అని ఆమె చెయ్యి ఇంకా దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్ట్రెప్టోమైసిన్ సీసా చేతికి తీసుకునే ముందు ఏ రోగినీ "బాగున్నారా?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు సిగ్గున్న మనిషి ఒకటే జవాబు చెబుతాడు. ఇంతకు ముందు ఎక్కడ, ఏ సూదులు, ఎన్నాళ్ళు వేయించుకున్నారని అడిగేదాన్ని. మంచం దిగి నడవమనేదాన్ని. కళ్ళు మూసుకుని నిలబడమని, నా రెండు చేతులూ వాళ్ళ భుజాలకు దగ్గరగా పెట్టి, పక్కనే నిలబడేదాన్ని.