ఆవచెక్క రుచి

మండవల్లి దగ్గర సీమపందులు పెంచే మామ్మగారు ఒకావిడ ఉండేవారు. పందులకు పెట్టే ఏ మేతనైనా ముందు చిటికెడు తన నాలుక మీద వేసుకుని చూసేవారు.

నేనప్పుడు అక్కడ పశువుల డాక్టరుని. ఆవిడ పందుల్లో చూడిదొకటి ఉత్త తవుడు తిని చిక్కిపోతుంటే, అందులో కొద్దిగా ఆవచెక్క, అంటే ఆవాల నూనె తీశాక మిగిలే పిండి, కలపమన్నాను. ఆవిడ చిటికెడు నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేశారు.

"చేదండి డాక్టరుగారూ. కడుపుతో ఉన్నదానికి ఇది పెడితే పిల్లలు దక్కుతాయాండీ?"

"కొద్దిగా పెడితే ఏమీ కాదండీ. మేం చదువుకున్నదే."

"చదివారు సరేనండి. తిని చూశారా?"

వెళ్ళినప్పుడల్లా ఇదే ప్రశ్న. పంది డొక్కలు తేలుతున్నాయి. చివరికి విసుగొచ్చి నేనూ చిటికెడు నోట్లో వేసుకున్నాను. మొహం ముడుచుకుపోయింది.

"చేదేనండి మామ్మగారూ," అని ఒప్పుకున్నాను.

ఆవిడ లేచి వెళ్ళి చెక్క నానబెట్టారు.

తొమ్మిది పిల్లలు పుట్టాయి, అన్నీ దక్కాయి. ఏమీ కాదన్నన్నాళ్ళూ నమ్మని మనిషి, చేదని ఒప్పుకోగానే ఎందుకు నమ్మారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు దెందులూరుకి బదిలీ అయ్యాక ఎవరికి ఏ మేత చెప్పినా ముందు చిటికెడు నోట్లో వేసుకుంటున్నాను. చేదుగా ఉంటే పెట్టమనాలో, వద్దనాలో మాత్రం ఆవిడ చెప్పలేదు.