నల్లకంబళి తలుపు కొట్టే వస్తాడు

రాతలక్క పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కానీ ఆ పొద్దున కొత్త పుస్తకంలో పదకొండో పేజీ దగ్గర ఆగి, చదివి, మళ్లీ చదివి, "వీడి పని పడతాను" అని పైకే అనేసింది. ఎదురుగా కూర్చుని గోళ్లు తీసుకుంటున్న భర్త ఉలిక్కిపడ్డాడు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, హారన్లకు తప్ప దేనికీ ఉలిక్కిపడేవాడు కాదు.

"నేనేం చేశానే?"

"మీరు కాదు. ప్రెస్సు చిన్నోడు."

బొమ్మల కథల్లో మనుషుల నోటి పక్కన తెల్లటి బుడగలుంటాయి కదా, వాటిలో మాటలు రాయడం ఆవిడ పని. అందుకే ఆ పేరు. ఇరవై రెండేళ్లు అదే బల్ల, అదే పాళీ. మాస్టారు బొమ్మలు వేసి, కథ కాగితం చేతికిచ్చేవారు. ఈవిడ మాటల్ని సన్నటి కాగితం ముక్కల మీద రాసి, బుడగ కొలతకు కత్తిరించి, జిగురుతో అంటించేది. పుస్తకం మీద మాస్టారి పేరుండేది, ప్రెస్సు యజమాని పెద్దాయన పేరుండేది. ఈవిడ పేరు ఒక్కసారీ లేదు. ఈవిడా అడగలేదు. అదేమీ గొప్పతనం కాదు, అప్పట్లో నోరు లేదు, అంతే.

ఆ కథల్లో వీరుడు నల్లకంబళి. కంబళి కప్పుకుని, జనాన్ని ఏడిపించేవాళ్ల ఇళ్లకు ఒంటరిగా వెళ్లేవాడు. మొదటి కథలోనే మాస్టారు ఒక బుడగకు మాట ఇవ్వడం మరిచిపోయారు. వీరుడు దొంగ వ్యాపారి గుమ్మంలో నిలబడ్డాడు, బుడగ మాత్రం ఖాళీ. మాస్టారు ఒళ్లు తెలియని జ్వరంలో ఉన్నారు, గంటలో అచ్చు మొదలవ్వాలి. ఈవిడే రాసేసింది: "తలుపు కొట్టే వచ్చాను. కాచుకో."

జ్వరం తగ్గాక మాస్టారు అది చూశారు. ఆ తర్వాత ప్రతి కథలోనూ వీరుడి చేత మూడుసార్లు తలుపు కొట్టించారు. చెప్పకుండా ఎవరినీ కొట్టకపోవడం వాడి నియమమైపోయింది. ఆ రోజుల్లో పిల్లలు ఇంట్లో తలుపులన్నీ బాది వీపులు వాయగొట్టించుకున్నారు.

మాస్టారు పోయారు, పెద్దాయనా పోయారు. పుస్తకం ఆగి పద్నాలుగేళ్లయింది. ఇప్పుడా ప్రెస్సు ఆయన కొడుకు చేతిలో ఉంది. చిన్నప్పుడు ఈవిడ బల్ల కింద దూరి కాగితం ముక్కలతో ఆడుకున్న ఆ చిన్నోడే, నల్లకంబళిని మళ్లీ తెస్తున్నానని ప్రకటించాడు. రాతలక్క ఆర్నెల్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పుస్తకం వచ్చే రోజున షాపు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

పదకొండో పేజీలో నల్లకంబళి కిటికీ పగలగొట్టి దూకాడు. అటు తిరిగి టీ తాగుతున్న ముసలి కాపలావాడి మెడ వెనకనుంచి విరిచేశాడు. ఆ ముసలాయన చేసిన తప్పేమిటో ఎక్కడా రాయలేదు. పైగా నవ్వుతూ అన్నాడు: "చెప్పి కొట్టేవాడు చేతకానివాడు."

వీరుడి బట్టలు మార్చినా, మీసం మార్చినా ఆవిడ సరిపెట్టుకునేది. కానీ ఇది తన మాట మీద ఉమ్మెయ్యడమే. ఆ రోజు అన్నం సయించలేదు.

"పోనిద్దూ, బొమ్మల పుస్తకానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు భర్త.

"మీ బస్సు ఎవడో తీసుకెళ్లి జనం మీదికి తోలి, అద్దం మీద మీ ఫొటో అంటిస్తే పోనిస్తారా?"

ఆయన మళ్లీ గోళ్ల మీద పడ్డాడు.

పది రోజులకు చిన్నోడే అట్టల ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అత్తా, పాత పాఠకులు తెగ గొడవ చేస్తున్నారు. వాళ్ల నోరు మూయించాలి. రెండో పుస్తకం చివర్న మొదటి కథ వేస్తున్నా. బొమ్మలు బాగానే ఉన్నాయి కానీ జిగురు ఎండిపోయి నీ ముక్కలన్నీ రాలిపోయాయి. నీ చేత్తో మళ్లీ రాసిపెట్టాలి."

"కాపలావాణ్ని ఎందుకు చంపించావురా?"

"ఇప్పటివాళ్లకు అలాంటివే కావాలత్తా. తలుపు కొట్టడాలూ అవీ చూస్తే నవ్వుతారు."

రాతలక్క ఫైలు దగ్గరికి లాక్కుంది. "రాస్తాలే. టీ తాగి వెళ్లు."

నాలుగు రోజులు కూర్చుంది. కొత్త పుస్తకం పక్కన పెట్టుకుని, అందులో నల్లకంబళి కొట్టిన డంబాలు ఏడింటిని ఏరింది. అక్షరం పొల్లుపోకుండా వాటిని పాత కథలోని దొంగ వ్యాపారి నోట్లో పెట్టింది. "చెప్పి కొట్టేవాడు చేతకానివాడు" అని ఇప్పుడు వ్యాపారి అంటున్నాడు, వెనక కర్ర దాచుకుని. బొమ్మకు అది అతికినట్టు సరిపోయింది. ఆవిడ కడుపు చల్లబడింది. చివరి బొమ్మలో వీరుడి చేత ఇలా అనిపించింది: "కిటికీ పగలగొట్టి వచ్చేవాడు నేను కాదు. నా కంబళి దొంగిలించినవాడు." కింద మూలన తన పేరు కూడా రాసుకుంది. చిన్నగా ఏమీ కాదు.

ఫైలు పంపేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ అది వెనకనుంచి కొట్టడమవుతుంది. అందుకని చీర మార్చుకుని తనే ప్రెస్సుకు వెళ్లింది. గది తలుపు తెరిచే ఉన్నా మూడుసార్లు కొట్టింది.

"మాటలు మార్చాను. అచ్చుకు ముందు చదువు."

చిన్నోడు ఫోనులో ఉన్నాడు. తలూపాడు.

"మార్చానంటున్నానురా. చదువు."

"పాత కథే కదత్తా, చదివేదేముంది?"

"మూడోసారి చెబుతున్నా. చదివి సంతకం పెట్టు."

ఆ ప్రెస్సులో పెద్దాయన పెట్టిన పద్ధతి ఒకటుంది. అచ్చుకు ముందు చూసే ప్రూఫు మీద ఎవరు సంతకం పెడితే తప్పైనా ఒప్పైనా వాళ్లదే. చదవమన్నదే కానీ, చదవకూడదని రాతలక్క మనసారా కోరుకుంది. చిన్నోడు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పేజీ తిప్పకుండా సంతకం గీకేశాడు.

రెండో పుస్తకం వచ్చిన వారానికే ఉత్తరాలు మొదలయ్యాయి. కొత్త వీరుడు పాత దొంగేనని మీరే ఒప్పుకున్నారు, సంతోషం అని ఒకరు. చివరి కథ రాసినావిడతోనే మిగతావీ రాయించండి అని ఇంకొకరు. షాపుల్లో జనం పుస్తకాన్ని చివరినుంచి తెరుస్తున్నారు. మొదటి పేజీ దాకా ఎవరూ రావడం లేదు.

ఆ మధ్యాహ్నం రాతలక్క ఇంటి తలుపు ధడేల్మని తెరుచుకుంది. చిన్నోడు ముఖం కందగడ్డలా ఉంది.

"ఎంత పని చేశావత్తా! నా పరువు తీశావు! నాకు చెప్పకుండా..."

"మూడుసార్లు చెప్పాను. సంతకం ఎవరిది?"

చిన్నోడు చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"బయటికి వెళ్లి తలుపు కొట్టి రా" అంది రాతలక్క.

వాడు బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. రాతలక్క లేచి వెళ్లి గడియ పెట్టింది.

మూడుసార్లు చప్పుడైంది.

ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుని, టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"తియ్యవే, పాపం" అన్నాడు భర్త.

"తాగనివ్వండి" అంది.