మా అమ్మకైతే

వారానికోసారి పట్నం నుంచి మహబూబ్‌నగర్ వచ్చే ఆ డాక్టర్, మెదడు రక్తనాళాలను కాగితం మీద చెట్టుకొమ్మల్లెక్క గీసేటోడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి, "మా అమ్మకైతే గిదే చేయిస్త" అనేటోడు. మూత పడ్డదంటే వాదన ముగిసినట్టే.

మా అమ్మకు ఆ కొమ్మల మీద రక్తనాళం ఉబ్బి మూడు బుడగలు తేలినయ్. ఏది పగిలినా ప్రాణానికే ముప్పు. పుర్రె తెరిచి మూడింటికీ ఒకేసారి క్లిప్పులు పెట్టాల్నా, తొడ దగ్గరి రక్తనాళం గుండా తీగ పంపి రెండు విడతల్లో పూడ్చాల్నా? మా మేనమామలు ముగ్గురు కలిసి నాలుగు అభిప్రాయాలు చెప్పిన్రు. డాక్టర్ పుర్రె తెరుద్దామని మూత పెట్టిండు. నేను సంతకం పెట్టిన.

అమ్మ బతికింది. మాట మాత్రం ఎర్రబస్సు తీరు, ప్రతి స్టేజీల ఆగి వస్తది.

మళ్లీ చూపించడానికి పోయిన రోజు, మా ముందున్న రైతు భార్యకూ మూడే బుడగలు. "మా అమ్మకైతే తీగే పంపిస్త" అంటున్నడు డాక్టర్.

మా వంతు రాంగనే అడిగిన. "సార్, మీకు అమ్మలెందరు?"

ఆయన నవ్వలేదు. "ఒక్కతే. ఆమెకూ రెండు బుడగలున్నయ్. ఏది చేయించాల్నో తేల్చుకోలేక ఏడాది నుంచి అట్లనే వదిలేసిన." పెన్ను మూత చేతిలోనే ఉండిపోయింది.

సొంత తల్లికి చేయలేని తీర్మానం మా అమ్మకు చేసిండన్న మాట. బస్సుల నేను తిట్టుకుంట కూర్చుంటే, అమ్మ ఒక్కో మాట కూడదీసుకున్నది.

"పాపం కొడుకా... ఆయనకు... 'మా అమ్మకైతే' అని... చెప్పేటోడు దొరకలే."