ఆ కుర్రాడి మోకాలికి నేను చెప్పిన ఆమెన్

జీవితంలో మొదటిసారి ఈ రోజు టెన్నిస్ మీద పందెం కాశాను. నేర్పింది ఆఫీసులో నా పక్క సీటు ప్రభుదాస్. న్యూజెర్సీ ఎడిసన్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం ప్రార్థన కూడిక అయ్యాక, అతనే నా తరఫున పందేలు కట్టించుకునే బుకీకి ఫోన్ చేసి, ఒక సీనియర్ ఆటగాడి మీద పందెం కట్టించాడు. యాంటెన్నా తిప్పుకుని టీవీ ముందు కూర్చున్నాం.

మొదటి సెట్ మావాడు ఓడిపోయాడు. రెండో సెట్‌లో అవతలి కుర్రాడు, పందొమ్మిదేళ్లుంటాయేమో, జారిపడి మోకాలు పట్టుకుని అరిచాడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "ఆట ఆగిపోతే మన పందెం రద్దేనా?"

"ఒక సెట్ అయిపోయింది కదా బ్రదర్, ఇక రద్దవదు. వాడు లేవకపోతే మనం గెలిచినట్టే," అన్నాడు ప్రభుదాస్ నా చెవిలో.

అప్పుడే మా ఆవిడ సుశీల భోజనాల ముందు ప్రార్థన మొదలుపెట్టింది. "ఎవరి బిడ్డో ప్రభువా, ఆ అబ్బాయిని లేవనెత్తు" అని కూడా అడిగింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, గట్టిగానే. కళ్లు మూసుకుని నేను అడిగింది మాత్రం వేరు.

కుర్రాడు లేవలేదు. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. మొదటి పందెంలోనే గెలిచానని ప్రభుదాస్ నా భుజం తట్టాడు.

"డాడీ, గాడ్ మమ్మీ ప్రేయర్ వినలేదా?" అంది మా ఏడేళ్ల పాప.

మీరైతే ఏం చెప్పేవాళ్లు? దేవుడు ఈ రోజు ఎవరి ప్రార్థన విన్నాడో నాకు తెలుసు. పాపకి అన్నం కలుపుతూ కూర్చున్నాను.